మూడో అంతస్తుకి వచ్చిన వరద

ఆ ఆదివారం డిర్చే వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే పిండి బిళ్ళల్లో మాంసం కూరి, చిన్న టోపీల్లాంటి కప్పెల్లెత్తి చుట్టి, మధ్యాహ్నం వాటిని వేడి వేడి రసంలో వేసి తమ్ముడు సెకొండోకి కడుపునిండా పెట్టాలి. మర్నాడు అతని కూతురు లోరెట్టా కారులో వచ్చి అతన్ని ఇక తన దగ్గరే ఉంచుకోడానికి తోరీనో నగరానికి తీసుకుపోయేటప్పుడు ఏడవకూడదు.

వాళ్ళది ఇమొలా ఊళ్ళో కార్ల రేసు ట్రాకు పక్కనే, మూడో అంతస్తు. సెకొండోకి చూపు పోయి రెండేళ్ళయింది. అయినా నలభై ఏళ్ళు ట్రాక్టర్లు బాగుచేసిన మనిషి, ఏ ఇంజను ఎవరిదో చెవితోనే చెప్పేస్తాడు. వెళ్ళేలోగా అతనికి ఒక్కసారి రేసు వినిపించాలని డిర్చే ఆశపడింది. బుధవారం నది ఊళ్ళోకి వచ్చింది, రేసు రద్దయింది. ఆ మాట చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. రేడియోలో బ్యాటరీలు తీసి పిండి డబ్బాలో దాచేసింది.

ఒకప్పుడు రేసు రోజున వాళ్ళ మిద్దె మీద ముప్పై మంది ఉండేవారు. టికెట్టు కొనలేని వాళ్ళంతా చుట్టాలైపోయేవారు. అమ్మ చెవుల్లో దూది పెట్టుకుని, ఎవరేం అడిగినా "ఉంది, తినండి" అనేది. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఇప్పుడు రెండు కుర్చీలే మిగిలాయి.

"మూడయింది కదా, ఇంకా మొదలుపెట్టరేం?" అన్నాడు సెకొండో.

సరిగ్గా అప్పుడే ఎదురింటి నివెస్ తన నేలమాళిగలో నీళ్ళు తోడే ఇంజను వేసింది.

"అదిగో, ఎర్ర కారు!" అన్నాడతను.

"అవునురా, ఎర్రదే," అంది డిర్చే.

"ఒక్కటేనా? మిగతావాళ్ళు నిద్రపోతున్నారా అక్కా?"

డిర్చే పిట్టగోడ మీంచి వంగి, చేతులు ఊపుతూ అరిచింది. "నివెస్! ఇంకో ఇంజను వెయ్యవే తల్లీ! ఎన్నుంటే అన్నీ!"

నివెస్ దాన్ని వేరేలా అర్థం చేసుకుంది. "అయ్యో, డిర్చే పిన్ని ఇల్లు మునిగింది!" అని వీధంతా వినబడేలా కేక పెట్టింది. మూడో అంతస్తు ఎలా మునుగుతుందని ఎవరూ ఆలోచించలేదు. ఆ వారం ఊళ్ళో ఏదైనా మునగొచ్చు. నాలుగు ఇంజన్లు వచ్చి గుమ్మం ముందు గర్జించాయి. గొట్టాలు భుజాన వేసుకుని, బురద బూట్లతో ఇరుగుపొరుగు ఎనిమిది మంది మెట్లెక్కి వచ్చారు.

"నీళ్ళెక్కడ పిన్నీ?"

డిర్చే పెదాల మీద వేలుంచి, ఎనిమిది మంది చేతుల్లోనూ గిన్నెలు పెట్టింది.

"ఎవరు వీళ్ళు?" అన్నాడు సెకొండో.

"టికెట్టు లేనివాళ్ళురా."

"ఎప్పుడూ ఉండేదేగా. పెట్టు, పెట్టు." అతను తల పక్కకి వాల్చి విన్నాడు. "మూడోది దగ్గుతోంది. ఈ చుట్టు పూర్తి చెయ్యదు."

కింద మూడో ఇంజను టక్కున ఆగింది. నివెస్ ఆయాసపడుతూ పైకొచ్చింది. "బాగుచేసేవాడు ఊళ్ళో ఎవడూ దొరకట్లేదు. వీధి సగం నీళ్ళలోనే ఉంది!"

డిర్చే ఆమె నోరు మూయబోయింది, అప్పటికే ఆలస్యమైపోయింది. సెకొండో గిన్నె కింద పెట్టి లేచాడు.

"గాలి గొట్టంలో బురద పట్టింది. నన్ను కిందికి దింపండి."

"ఒరే, నీకు తెలుసా?"

"బుధవారం నుంచీ. మన రేడియో నోరు నొక్కావు సరే, ఎదురింటి రేడియో సంగతేంటి? నాకు పోయింది కళ్ళేనే అక్కా."

"మరి చెప్పవేం?"

"ఈ అబద్ధాన్ని మొయ్యడంలో పడి నువ్వు నాలుగు రోజులుగా ఏడవలేదు. బాగుందిలే అని ఊరుకున్నా."

డిర్చే అప్పుడు ఏడ్చింది. ఎనిమిది మందీ తింటూనే ఓదార్చారు.

సాయంత్రానికి సెకొండో చేతుల్లో మూడో ఇంజను మళ్ళీ గర్జించింది. ఆ సంగతి ఊరంతా పాకింది. సోమవారం లోరెట్టా వచ్చేసరికి, పాడైన పదకొండు ఇంజన్లు ఇంటి ముందు వరుస కట్టి ఉన్నాయి, మధ్యలో నాన్న మోచేతుల దాకా నూనెతో కూర్చున్నాడు.

ఎప్పుడు బయలుదేరదామని అడిగిన పాపానికి బురద ఎత్తమని ఆమె చేతిలో ఒక పార పెట్టారు.