మికియో మళ్ళీ మొదటి ఊళ్ళో

ఏరు గట్టు తెంచుకుని కింది వీధిని ముంచిన ఏటికి మరుసటి ఏడు జరిగింది ఇది. చలి అప్పుడే మొదలైంది.

హిదెహికో మా ఊరి సోయా సాసు కార్ఖానాలో పని చేస్తాడు. ఎక్కువ మాట్లాడడు. ఆ పొద్దున అతను తలపెట్టింది చిన్న పని. సెలవు పెట్టి, టీవీ ముందు కూర్చుని, చిన్నప్పటి వీడియో గేములో ఆఖరి రాక్షసుణ్ణి చంపాలి. అంతే.

ఆ గేము అతని అన్న మికియోది. వీరుడు, మల్లుడు, మంత్రగాడు, వైద్యుడు, ఈ నలుగురూ ఊరూరూ తిరిగి బలం పెంచుకుని రాక్షసుడి కోటకు చేరాలి. వీరుడికి మికియో తన పేరే పెట్టుకున్నాడు. వెనక నిలబడే వైద్యుడికి తమ్ముడి పేరు పెట్టాడు. "నువ్వు నా వెనకాలే ఉండరా. నేను పడితే మంత్రం వేసి లేపు, చాలు" అనేవాడు. కోట తలుపు దాకా వచ్చాక, "దీన్ని సెలవుల్లో ఇద్దరం కలిసి తీద్దాం. నేను లేకుండా ముట్టుకున్నావంటే చెవి పిండుతా" అని చెప్పి చేపల పడవ ఎక్కాడు. పడవ తిరిగి రాలేదు.

హిదెహికో ముట్టుకోలేదు. పెళ్ళయింది, జుట్టు నెరిసింది, అయినా ముట్టుకోలేదు. వరదకు కింది గదిలోని అన్న ఫోటోలన్నీ పోయాయి. మేడ మీది గేము మిగిలింది. బాగుచేసేవాడికి చూపిస్తే, ఆడినంత మేరా గుర్తుంచుకునే బ్యాటరీ లోపల కొన ఊపిరితో ఉందన్నాడు. "ఒక్కసారి వెలుగుతుంది. ఆర్పారో, ఇంక ఏమీ మిగలదు."

అందుకే సెలవు. పై అధికారి కురమోచికి ఫోన్ చేశాడు.

"ఇవాళ రాలేనండీ. అన్నయ్యతో ఉండాలి. ఇదే ఆఖరు."

కురమోచికి వెంటనే తిథి గుర్తొచ్చింది. మా వైపు మనిషి పోయిన ముప్పై మూడో ఏట ఆఖరి తిథి పెడతారు. దాంతో పూజ అలమరాలోంచి అతని పేరు పలక తీసేసి, పెద్దల్లో కలిపేస్తారు. ఆ తర్వాత అతనికి విడిగా పేరుండదు. మికియో తిథి వరద ఏడు రావలసింది. వరద అని హిదెహికో వాయిదా వేశాడు. బురద ఎత్తిపోశాక కూడా ఆ మాట ఎత్తలేదు. వీధిలో ఎవరూ అడగలేదు. అడగడం మర్యాద కాదు.

"మొత్తానికి మనసు గట్టి చేసుకున్నావన్నమాట" అన్నాడు కురమోచి. "నువ్వేం దిగులు పడకు. మేమంతా లేమూ?"

గేము సంగతి ఈయనకెలా తెలిసిందా అనుకున్నాడు హిదెహికో. అడగడం మర్యాద కాదని అతనూ అడగలేదు.

కురమోచి వీధి సంఘం పెద్ద తొకుయే అవ్వకు ఫోన్ చేశాడు. అవ్వ గుడికి చేసింది. గుడి స్వామి రియోకై, బాధలో పడి తనకు కబురు చేయడం మరిచారు కాబోలు, పాపం అనుకుని స్కూటరెక్కాడు.

హిదెహికో కోట తలుపు తీశాడో లేదో, వీధి గంట మోగింది. తొకుయే అవ్వ నల్లబట్టల్లో నిలబడి ఉంది. చేతిలో చేమదుంపల కూర గిన్నె, చంకలో కరెంటు పొయ్యి.

"మాతో ఒక్క ముక్క చెప్తే రామా నాయనా? అంతా నీ నెత్తినే వేసుకుంటావా?"

వెనకాల నలుగురు ఆడవాళ్ళు బియ్యం కుక్కరుతో, నీళ్ళు కాచే కరెంటు కూజాతో దిగారు. నేనూ నల్లకోటు వేసుకుని వెళ్ళాను. కురమోచి హీటరు మోసుకొచ్చాడు.

హిదెహికో భార్య చిజురు అతన్ని వంటింటి గుమ్మంలోకి లాక్కెళ్ళి నిలదీసింది.

"ఏమండీ, వీళ్ళంతా ఎందుకొచ్చారు?"

"తెలీదు."

"మరి పొమ్మనండి."

"నల్లబట్టలేసుకొచ్చిన వాళ్ళని ఎలా పొమ్మంటాను?"

చిజురు కప్పులు కడగడానికి వెళ్ళిపోయింది.

పూజ అలమరా, టీవీ ఒకే గదిలో పక్కపక్కన ఉంటాయి. స్వామి వచ్చి కూర్చుని గొంతు సవరించుకున్నాడు. "తిథి పెడుతూ టీవీ ఏమిటి, పాడు" అని తొకుయే అవ్వ చెయ్యి చాచింది. హిదెహికో చాప మీద పొట్టతో పాకుతూ వెళ్ళి అడ్డం పడ్డాడు.

"ముట్టుకోకండి! అందులో అన్నయ్య ఉన్నాడు!"

అవ్వ కళ్ళజోడు పెట్టుకుని చూసింది. తెర మీద కోటలో నలుగురు బొమ్మ మనుషులు. అందరికంటే ముందు నిలబడ్డవాడి పక్కన మికియో అని రాసి ఉంది. అవ్వ టీవీకి దణ్ణం పెట్టింది. వెనకాల మేమూ పెట్టాం.

స్వామి మంత్రం ఎత్తుకున్నాడు. హిదెహికో గేము మీటలు పట్టుకున్నాడు. స్వామి, మికియో చిన్నప్పుడు ఒకే బడిలో చదివి, ఇదే గేము ఆడినవాళ్ళు. మంత్రం చదువుతూ చదువుతూనే, అదే రాగంలో, "ఎడమ గోడలో దారుంది" అన్నాడు. హిదెహికో ఎడమకు తిరిగాడు. దారి ఉంది.

రాక్షసుడు తెర నిండా లేచాడు. పెద్దవాళ్ళమంతా మోకాళ్ళ మీద ముందుకు జరిగాం. "కొట్టవయ్యా!" అన్నాడు కురమోచి, పై అధికారి గొంతుతో. మల్లుడు పోయాడు. మంత్రగాడు పోయాడు. ఆఖరికి మికియో పడిపోయాడు. వెనకాల వైద్యుడొక్కడే మిగిలాడు.

"లేపు నాయనా, వాణ్ణి లేపు!" అని అవ్వ అరిచింది.

హిదెహికో లేపే మంత్రం మీద నొక్కాడు. సరిగ్గా అప్పుడే వంటింట్లో చిజురు, హీటరూ కుక్కరూ కూజా పొయ్యీ చాలక, మర్యాదకి లోటు రాకూడదని మైక్రోవేవ్ కూడా వేసింది.

టక్కుమంది. ఇల్లంతా కరెంటు పోయింది.

కురమోచి పరుగెత్తి కరెంటు మెయిను మీట ఎత్తాడు. తెర వెలిగింది. "దాచినది ఏమీ లేదు. కొత్తగా మొదలుపెడతారా?" అని ఉంది.

చిజురు తడి చేతులతోనే చాప మీద కూలబడింది. కురమోచి నుదురు నేలకు ఆనించాడు.

తొకుయే అవ్వ ముందుగా తేరుకుంది. "ఆఖరి తిథంటే ఇదే కదా. పేరు పోవాలి. పోయింది."

"పద్ధతి ప్రకారమే జరిగింది" అన్నాడు స్వామి. పేరు పలకను అప్పటికే గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు.

హిదెహికో మళ్ళీ గేము మీటలు అందుకున్నాడు.

"పడితే లేపమన్నాడు" అన్నాడు.

కొత్త వీరుడి పేరు ఏమిటని తెర అడిగింది. మికియో అని ఒక్కొక్క అక్షరమే వెతికి పెట్టాడు. రేవు పక్కన మొదటి ఊళ్ళో, చేతిలో కర్ర పుల్లతో మికియో నిలబడ్డాడు. కప్ప గెంతి మీద పడినా పోయేంత బలం. సముద్రం వైపు చూస్తున్నాడు.

 స్వామి సంచిలోంచి పలక తీసి, గుడ్డ విప్పి, మళ్ళీ అలమరాలో పెట్టాడు.

"హిదెహికో," అన్నాడు కురమోచి మెల్లగా, "మల్లుడికి నా పేరు పెట్టకూడదూ?"

చల్లారిన చేమదుంపలు తిని అందరం ఇళ్ళకు వెళ్ళిపోయాం.

మర్నాడు పొద్దున హిదెహికో మళ్ళీ ఆఫీసుకు ఫోన్ చేశాడు. "అన్నయ్య ఇంకా మొదటి ఊరు దాటలేదండీ. ఇవాళ కూడా సెలవు కావాలి" అన్నాడు.

కురమోచి ఈసారి ఎవరికీ చెప్పలేదు.