గెంతు కంపెనీ వారి తొర్రల వ్యాపారం

మనుషులు ఇంకా హద్దురాళ్ళు పాతని ఒక పెద్ద అడవిలో, చింతగింజ ఇస్తే దొరకని వస్తువంటూ ఉండేది కాదు. ఎలుగుబంటి దగ్గర తేనె, ఏదుపంది దగ్గర దుంపలు, గిజిగాడి దగ్గర కట్టిన గూళ్ళు, అన్నిటికీ గింజలే చెల్లుబాటు. గింజలు బుగ్గన పెట్టుకుని కొండ దాటి వెళ్ళి ఇచ్చి రావడమే కష్టం. దారిలో సగం కోతుల పాలయ్యేవి.

ఆ కష్టం తీర్చడానికి ఉడతలు గెంతు కంపెనీ పెట్టాయి. ఏ చెట్టు మొదట్లోనైనా మూడుసార్లు తడితే ఒక ఉడత దిగొస్తుంది. "ఎలుగుబంటికి నాలుగు గింజలు" అంటే చాలు, కొమ్మల మీదుగా పోయి ఇచ్చేస్తుంది. పొరపాటున అడవిపందికి ఇస్తే, మళ్ళీ వెళ్ళి, నాలుగు తిట్లు తిని, తిరిగి తెస్తుంది. అడవిలో అందరూ "ఇచ్చావా?" అనడం మానేసి "గెంతించావా?" అనడం మొదలుపెట్టారంటే కంపెనీ ఎంతగా పాతుకుపోయిందో మీరే ఊహించుకోండి.

దాచమని ఇచ్చిన గింజల్ని ఉడతలు గోతుల్లో పూడ్చేవి. పూడ్చిన చోటు మరిచిపోయేవి. ఆ జాతికి అది పుట్టుకతో వచ్చిన గుణం, దాన్ని తప్పుపట్టి లాభం లేదు. అయినా ఎవరికీ నష్టం రాలేదు. గింజ ఏదైనా గింజే కదా. పది అడిగితే ఏ గోతిలో దొరికినవైనా పది చేతిలో పెట్టేవి. దొరకనివి వానలకు మొలకెత్తి చెట్లయ్యేవి. కంపెనీ పెద్ద గవరయ్య దీన్ని దీర్ఘకాలిక పెట్టుబడి అని చెప్పుకునేవాడు.

ఆ కంపెనీలో అందరికన్నా పాత ఉద్యోగి సింగారి. తోక వెంట్రుకలు సగం రాలిపోయినా గెంతు తప్పేది కాదు. ఆమెకు ఖాతాదారులు చాలామంది ఉన్నా, మనసుకు దగ్గరైనది మాత్రం నూకాలమ్మ అనే తాబేలు.

నూకాలమ్మది వాగు మలుపులో చిన్న నీటిగుంట. ఏటేటా ఇసుక మేట వేసి అది పూడుకుపోతోంది. వచ్చే వేసవికి చుక్క మిగలదని చూసిన వాళ్ళందరూ చెప్పారు. వాగుకు ఎగువన, కొండ కింద మొసలి మామ మడుగు ఉంది. అది ఎన్నడూ ఎండదు. అందులో ఒక మూల శాశ్వతంగా ఇవ్వడానికి మూడొందల గింజలు అడిగాడాయన. నూకాలమ్మ ఏళ్ళ తరబడి కడుపు మాడ్చుకుని ఆ గింజలన్నీ సింగారి చేత దాయించింది. వేసవిలోగా మడుగులో చోటు దొరక్కపోతే ఆవిడ బతకదు.

"పండగ వెళ్ళాక కట్టేద్దాం అత్తా. నేనే మోసుకెళ్ళి ఇస్తాను" అంది సింగారి.

"నీ చేతిలో పెట్టాక నాకేం భయమే" అంది నూకాలమ్మ.

సరిగ్గా అప్పుడే పక్క అడవి నుంచి కిరీటిరావు దిగాడు. ఆయన వడ్రంగిపిట్ట. నెత్తిన ఎర్రటి తురాయి, గొంతులో తెచ్చిపెట్టుకున్న గాంభీర్యం. గెంతు కంపెనీ మీటింగులో పెద్ద కొమ్మ మీద నిలబడి, చెట్టుకు ఒక చిన్న రంధ్రం పొడిచి చూపించాడు.

"భవిష్యత్తు ఇదే" అన్నాడు.

ఉడతలన్నీ ఆ రంధ్రంలోకి తొంగిచూశాయి.

"ఇందులో ఏముందండీ?" అని అడిగాడు గవరయ్య.

"ఏమీ లేదు. అదే దీని గొప్ప. ఉంటే దొంగలు ఎత్తుకుపోతారు. దీన్ని తొర్ర అంటాం. తూర్పు కొండ మీద మా వాళ్ళు రాత్రనక పగలనక తొలుస్తున్నారు. ఒక్కొక్క తొర్రకు ఒక్కొక్క రహస్యపు తట్టు, అంటే ఎన్నిసార్లు ఎలా తట్టాలనే లెక్క, ఉంటుంది. ఆ తట్టు తెలిసినవాడిదే తొర్ర. ఎవరిది ఏదో మా పిట్టలన్నీ రోజూ పొద్దున్నే కలిసి అరుస్తాయి. కాబట్టి అబద్ధానికి చోటే లేదు. చెట్లు ఇన్నే, తొర్రలు ఇన్నే, విలువ మాత్రం పెరుగుతూనే ఉంటుంది."

సింగారి వెనక కొమ్మ మీద నుంచి అడిగింది. "పొరపాటున ఒకరి తొర్ర ఇంకొకరికి పోతే ఎవర్ని అడగాలండీ?"

"ఎవర్నీ అడగక్కర్లేదు. మాకు పెద్ద అంటూ ఎవరూ లేరు. అందుకే మమ్మల్ని అందరూ నమ్ముతారు."

సింగారికి మతి పోయింది. గవరయ్య ఆమెను పక్కకు పిలిచి మందలించాడు.

"అర్థం కాకపోతే నోరు మూసుకో. నాకూ అర్థం కాలేదు, నేనేమైనా మాట్లాడుతున్నానా? అవతల కాకుల కంపెనీ వాడు ఈయనకు ముందే విందు పెట్టాడంట. వాడు తొర్రలు అమ్మి మనం గింజలు మోస్తూ కూర్చుంటే రేపు మనల్ని చూసి తొండ కూడా నవ్వుతుంది."

వారం తిరిగేలోగా చెట్టుచెట్టుకూ బోర్డులు వెలిశాయి. "గెంతులో ఇప్పుడు తొర్రలు కూడా." దుకాణాల ముందు ఇంకో బోర్డు: "ఇచట తొర్రలు పుచ్చుకొనబడును." ప్రతి ఉడతకూ పదిమంది ఖాతాదారుల్ని తొర్రల్లోకి మార్చాలని టార్గెట్ పెట్టారు. మార్చలేనివాళ్ళకు జీడిపప్పు బోనస్ లేదు.

నిజం చెప్పాలంటే సింగారికి బోనస్ మీద ఆశ లేదు. అయినా రోజూ వింటే అబద్ధం కూడా అలవాటవుతుంది. తూర్పు కొండ నుంచి వచ్చే ప్రతి కబురూ విలువ పెరిగిందనే. నిన్న మూడు గింజలు పలికిన తొర్ర ఇవాళ నాలుగు. కుందేలు మూడు తొర్రలు కొని వారానికే తేనె కుండ సంపాదించింది. తన నూకాలమ్మ అత్త ఒక్కతే వెనకబడిపోతుందేమోనని సింగారికి బెంగ పట్టుకుంది.

"అత్తా, గింజలు ఊరికే గోతిలో ఉన్నాయి కదా. తొర్రలు చేసుకుంటే పండగ నాటికి మడుగులో నీడ ఉన్న మూలే వస్తుంది" అంది.

"నాకు నీడ ఎందుకే, వీపు మీద ఇల్లే ఉంది. నా మూల నాకు చాలు." నూకాలమ్మ మెడ సాచి సింగారి మొహంలోకి చూసింది. "నువ్వు మంచిదంటే మంచిదే. అలాగే కానీ."

ఆ మాట సింగారికి చాలా సంతోషం కలిగించింది. తర్వాత చాలా రోజులు అదే మాట తలచుకుని కుమిలిపోయింది.

తొర్రలు కొన్న ప్రతివాళ్ళకూ కిరీటిరావు ఒక బెరడు ముక్క ఇచ్చాడు. దాని మీద రహస్యపు తట్టు ముక్కుతో పొడిచి ఉంటుంది. ఆ ముక్క పోతే తొర్ర పోయినట్టే. "ఖాతాదారులు పోగొట్టుకుంటారు, మనమే భద్రంగా దాచిపెడదాం" అని గవరయ్య ఆర్డరు వేశాడు. భద్రంగా దాచడమంటే ఉడతలకు తెలిసిన విద్య ఒక్కటే. ఆ ముక్కల్ని అడవంతా గోతులు తీసి పూడ్చేశాయి. పైన మట్టి వేసి ముద్దుగా కాళ్ళతో తట్టాయి.

సింగారి మాత్రం జాగ్రత్తపరురాలు. నూకాలమ్మ ముక్కను దూరంగా పెడితే మరిచిపోతానని, ఆవిడ ఇంటి ముందే వాగు ఇసుకలో పూడ్చింది. గుర్తుగా పక్కన ఒక ఎండుటాకు పెట్టింది. ఆకు గాలికి ఎగిరిపోతుందన్న సంగతి ఆ పూట తోచలేదు.

పండగ వెళ్ళింది, విలువ ఇంకా పెరుగుతుందని ఎవరూ తొర్రలు అమ్మలేదు. మాఘం కూడా వెళ్ళింది. ఎండలు ముదిరాయి. ఒక సాయంత్రం ఈదురుగాలి లేచింది. తూర్పు కొండ మీద పిట్టలు తొలిచి తొలిచి బోలుగా చేసిన చెట్లు నూటికి తొంభై కూలిపోయాయి. మర్నాడు పొద్దున్నే అడవంతా గెంతు ఆఫీసు చెట్టు కింద చేరింది.

"కంగారు పడకండి" అన్నాడు కిరీటిరావు. "చెట్లు పడితే తొర్రలు తగ్గాయి. తగ్గితే విలువ పెరగాలి. ఓపిక ఉన్నవాడిదే లాభం."

"ఓపిక నువ్వుంచుకో, గింజలు మాకివ్వు" అంది ఏదుపంది.

గవరయ్య ఒప్పుకోక తప్పలేదు. మిగిలిన తొర్రలకు ఎంతోకొంత వస్తుంది, బెరడు ముక్కలు తీసి ఎవరివి వాళ్ళకివ్వండి అన్నాడు. అప్పటికి గానీ ఉడతలు ఒకదాని మొహం ఒకటి చూసుకోలేదు.

తవ్వడం మొదలైంది. ఒక గోతిలో చింతగింజలు, ఒక గోతిలో రాళ్ళు, ఒక గోతిలో ఎవరిదో తాతల నాటి ఎముక. దొరికిన ముక్కల్లో సగం చెదలు తినేశాయి. బాగున్నది దొరికినా అది అడిగినవాళ్ళది కాదు. ఎలుగుబంటికి కుందేలు ముక్క ఇస్తే పనికిరాదు కదా. గింజల కాలంలో ఎవరిదైనా ఎవరికైనా చెల్లింది. ఇప్పుడు మరుపు ఒక్కటే అందరిదీ.

"నువ్వు పొడిచిన తట్టే కదయ్యా, మళ్ళీ పొడిచివ్వు" అని సింగారి కిరీటిరావును బతిమాలింది.

"మేము తొలుస్తాం గానీ జోక్యం చేసుకోం. మా సిద్ధాంతం అది" అన్నాడాయన, ఒక కన్ను పక్క అడవి వైపు పెట్టి.

సింగారి మొసలి మామ దగ్గరకు పరిగెత్తింది. ఆయన గట్టు మీద నోరు తెరుచుకుని ఎండ కాచుకుంటున్నాడు. పక్కనే "తొర్రలు పుచ్చుకొనబడును" బోర్డు ఉంది.

"మామా, నూకాలమ్మ తొర్రలు నీ పేర రాయిస్తాను. తట్టు కొంచెం ఆలస్యంగా ఇస్తాను. చోటివ్వు."

"గింజలు తీసుకురా."

"మరి బోర్డు పెట్టావు కదా?"

"పెడితే పది గింజలిస్తామని మీ వాళ్ళే ఇచ్చారు. పుచ్చుకుంటానని రాశాను. పుచ్చుకుంటే చోటిస్తానని రాశానా?" మొసలి మామ నోరు మూసుకుని కళ్ళు కూడా మూసుకున్నాడు.

ఆ రోజు గవరయ్య సంతకంతో ఇంకో బోర్డు వచ్చింది. "చిన్న సాంకేతిక అవాంతరం వల్ల తవ్వకాలు నిలిపివేయడమైనది. మీ సహనానికి కృతజ్ఞతలు." ఉడతలన్నీ పంజాలు దులుపుకుని ఇళ్ళకు వెళ్ళాయి.

సింగారి వెళ్ళలేదు. వాగు మలుపుకు వచ్చి నూకాలమ్మ ముందు నిలబడింది. గుంటలో నీళ్ళు లేవు. బురద కూడా పెచ్చులు కట్టింది. నూకాలమ్మ కాళ్ళు, తల లోపలికి లాక్కుని కూర్చుంది.

"అత్తా, నీ గింజలు నేను పోగొట్టాను."

"నువ్వు పోగొట్టావనుకో. నేనెందుకు ఇచ్చాను? లాభమంటే నాకూ నోరూరింది. నీడ వద్దన్నాను గానీ మనసులో చల్లటి మూల ఒకటి ఊహించుకున్నానే" అంది నూకాలమ్మ.

సింగారికి ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే ఇసుక తవ్వడం మొదలుపెట్టింది. ముక్క ఇక్కడే ఉంది, ఇక్కడే ఎక్కడో ఉంది. ఒక చోట తవ్వి, పక్కన తవ్వి, మళ్ళీ మొదటి చోటే లోతుగా తవ్వింది. తీసిన ఇసుక తీసినట్టే జారిపోతోంది. మధ్యాహ్నానికి గోళ్ళు అరిగి నెత్తురొచ్చింది.

"గొయ్యి అలాగా తవ్వేది?" అంటూ నూకాలమ్మ కాళ్ళు బయటపెట్టింది. "పక్కకు జరుగు. గుడ్లు పెట్టడానికి ఎన్ని గోతులు తవ్వానో నువ్వెరగవు. ముందు వెడల్పు చేసుకోవాలి, తర్వాత లోతు."

తాబేలు వెనక కాళ్ళతో ఇసుక ఎత్తిపోస్తుంటే ఉడత దాన్ని దూరంగా తోసేసింది. రెండు రోజులు తవ్వారు. ముక్క దొరకలేదు. పోయే ప్రాణం ఏదో పనిలో పోనీ అని నూకాలమ్మ ఇంకా లోతుకు దిగింది. మూడో రోజు పొద్దున్న గోతిలో నుంచి ఆవిడ గొంతు వినిపించింది.

"సింగారీ, కాళ్ళకేదో చల్లగా తగులుతోందే."

సింగారి తొంగిచూసింది. ఇసుక నల్లబడింది. నల్లబడ్డ చోట చెమ్మ ఊరింది. చూస్తుండగానే దోసెడు నీళ్ళు నిలిచాయి, కాసేపటికి నూకాలమ్మ వీపు మునిగింది. వాగు పైన ఎండినా ఇసుక కింద పారుతూనే ఉందన్నమాట. ఇన్నేళ్ళూ మొసలి మడుగు కోసం గింజలు దాచారే తప్ప, సొంత ఇంట్లో నాలుగు మూరలు తవ్వి చూద్దామని ఇద్దరికీ తోచనే లేదు. నూకాలమ్మ నీళ్ళలో మునిగి తేలుతూ నవ్వింది. సింగారి గట్టు మీద కూలబడి, ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేసింది.

కబురు అడవంతా పాకింది. ఎండకు నాలుక పీక్కుపోతున్న జంతువులన్నీ చెలమ దగ్గరకు వచ్చాయి. నూకాలమ్మ ఎవర్నీ కాదనలేదు. తాగినవాళ్ళు తలా ఒక గింజ గట్టు మీద పెట్టి వెళ్ళారు. మడుగులో చోట్లకు బయానా ఇచ్చినవాళ్ళు వెళ్ళి వెనక్కి అడగడం మొదలుపెట్టేసరికి, మొసలి మామ నోరు తెరవడం మానేశాడు.

నీళ్ళు పడ్డ నాలుగో రోజుకు గవరయ్య వచ్చాడు. వెనక ఇద్దరు బోర్డు మోసుకొచ్చారు. దాని మీద "గెంతు కంపెనీ వారి లోతైన పెట్టుబడుల పథకం" అని రాసి ఉంది.

"ఇక్కడ తవ్వింది మా ఉద్యోగి. దాచింది మా బెరడు ముక్క. కాబట్టి ఈ గొయ్యి కంపెనీదే" అన్నాడు.

సింగారి లేచి నిలబడింది. అంతవరకు పై అధికారికి ఎదురు చెప్పిన పాపాన పోలేదు.

"అలాగేనండి. తట్టు చెప్పి తీసుకెళ్ళండి" అంది.

చెలమ చుట్టూ చేరిన వాళ్ళు కడుపు పట్టుకుని నవ్వారు. గవరయ్య కూడా పెద్దమనిషిలా రెండు గుక్కలు తాగి, ఒక గింజ పెట్టి, బోర్డు మోయించుకుని వెళ్ళిపోయాడు. కిరీటిరావు అప్పటికే కాకుల కంపెనీలో సలహాదారుగా చేరాడు. సింగారి ఇప్పుడు చెలమ గట్టు మీదే ఉంటోంది. ఎవరైనా గింజలు దాచమని ఇస్తే మాత్రం చేతులు జోడించి దణ్ణం పెడుతుంది.

నీతి: ఉన్న డబ్బంతా ఖాళీ గోతిలో పోయడం తెలివితక్కువ పనే, కానీ పోయాలనే పట్టుదల ఉన్నవాళ్ళు కనీసం నీళ్ళు పడే చోటు చూసి పోసుకోవాలి.