పిండి అంటిన దొంగలు

ఆ ఉదయం పెట్టెలాయన పెట్టుకున్న పని ఒక్కటే. పంచదార, నీళ్లు సమంగా కలిపి కాచి చల్లార్చాలి. పొద్దుగూకాక, తేనెటీగలన్నీ గూడు చేరాక, ఆ పాకం చిన్నపెట్టెలో పెట్టాలి. పూలు లేని రోజులు. పెరట్లో ఉన్న రెండు తేనెటీగల పెట్టెల్లో పెద్దపెట్టె నిండుగా ఉంది. చిన్నపెట్టెలో ఈగలు పట్టు కట్టే చట్రాల్లో మూడింటిని కూడా కప్పడం లేదు. ఇలాగే పలచబడి ఇంతకుముందు రెండు పెట్టెలు ఖాళీ అయ్యాయి.

"ఇది కూడా పోయిందంటే పెద్దదాన్నీ ఎవరికైనా ఇచ్చేయండి. అక్కడ తాడు కట్టి బట్టలారేసుకుంటాను," అంది భార్య. ఆవిడ మాటంటే మాటే.

ఆయన పాకం గిన్నె అరుగు మీద పెట్టి క్షవరానికి వెళ్లాడు.

ఇంట్లో బావమరిది ఉన్నాడు. నాలుగు రోజులుందామని వచ్చాడు. ఊరికే కూర్చుంటే తిన్నది అరగని మనిషి. పెట్టెల కింది బల్లల కాళ్లకు నీళ్ల గిన్నెలు కనబడితే, దోమలు పెరుగుతాయని పారబోశాడు. అవి చీమలు ఎక్కకుండా పెట్టినవని అతనికి తెలియదు. పాకం చల్లారింది కదా అని చిన్నపెట్టె మూత తీసి పోశాడు. సగం లోపల పడింది, సగం బయట.

పెట్టెలాయన నున్నటి గడ్డంతో తిరిగొచ్చేసరికి చిన్నపెట్టె ముందు సంతలా ఉంది. బల్ల కాళ్ల వెంట చీమల బారు. గుమ్మంలో ఈగలు కలబడి దొర్లుతున్నాయి.

"చూడు బావా, ఎంత ఆకలి మీదున్నాయో!"

"ఆకలి కాదయ్యా, దోపిడీ! పట్టపగలు తీపి వాసన తగిలితే వేరే పెట్టె ఈగలొచ్చి పడతాయి. పొద్దు పోయాక పెట్టేది అందుకే."

"ముందే చెప్పొచ్చుగా!"

"నిన్ను పెట్టమన్నదెవరు?"

పెట్టెలాయన చిన్నపెట్టె గుమ్మంలో గడ్డి కుక్కి, ఒక్క ఈగ పట్టేంత సందు ఉంచాడు. వంటింట్లోంచి గుప్పెడు పిండి తెచ్చి, బయటికొస్తున్న దొంగల మీద చల్లాడు. తెల్లబడ్డ ఈగ ఏ పెట్టెలో దూరితే దొంగ ఆ పెట్టెదే. దొంగలు ఎవరివో ఆయనకు మాత్రం అనుమానమే లేదు. గోడవతల దర్జీకి ఒక పెట్టె ఉంది. "నా ఈగలకు పాకాలు గీకాలు అక్కర్లేదన్నగారూ, వాటి తిండి అవే చూసుకుంటాయి," అని దర్జీ నిన్ననే అన్నాడు.

"చూసుకుంటున్నాయిగా, బాగా!" అంటూ పిండి చేతులతోనే దర్జీ ఇంటికి వెళ్లాడు.

మెడలో టేపుతో దర్జీ బయటికొచ్చాడు. ఇద్దరూ అతని పెట్టె ముందు గొంతుక్కూర్చున్నారు. వచ్చేవి వచ్చాయి, పోయేవి పోయాయి. ఒక్క ఈగా తెల్లగా లేదు.

"ఇక్కడ తెల్లగా ఉన్నది మీరొక్కరే అన్నగారూ," అన్నాడు దర్జీ. లేచి గోడ మీంచి చూశాడు. "అదిగో, మీ పిండి బాపతు! మీ పెద్దపెట్టెలోకే పోతున్నాయి."

ఆ పెద్దపెట్టె గురించి పెట్టెలాయన గొప్పలు వినని మనిషి వీధిలో లేడు.

దర్జీ ఇచ్చిన కాఫీ తాగి, తల వంచుకుని ఇల్లు చేరేసరికి బావమరిది వలటోపీ తీస్తున్నాడు. తప్పు దిద్దుకుందామని పెట్టెలు రెండూ దించాడు, చీమలు కడిగాడు, గిన్నెల్లో నీళ్లు నింపాడు, పెట్టెలు మళ్లీ ఎక్కించాడు.

"ఏమయ్యా, చిన్నదాన్ని తెచ్చి పెద్దదాని చోట పెట్టావేంటి!"

"ఎక్కడున్నా రెండూ మనవే కదా బావా?"

భార్య గుమ్మంలోకొచ్చింది. "తాడు తెమ్మంటారా?"

ఆయన పెట్టె ఎత్తబోయాడు. "కదపకండి!" అని గోడ మీంచి దర్జీ అరిచాడు. "ఈగకు చోటే గుర్తు. మీ దొంగలు పాత చోటికే వస్తాయి. ఇప్పుడక్కడున్నది చిన్నదేగా!"

పెట్టెలాయన చిన్నపెట్టె గుమ్మంలో గడ్డి పీకేశాడు. తెల్ల ఈగలు కడుపు నిండా పాకంతో వచ్చి చిన్నపెట్టెలో దూరాయి. బరువు దించుకుని, పొద్దున దోచిన చోటికే మళ్లీ బయల్దేరాయి. అక్కడిప్పుడు ఉన్నది వాటి సొంత ఇల్లు. సాయంత్రం దాకా ఆ ఇంటినే దోచి చిన్నపెట్టెకు మోశాయి.

పొద్దుగూకాక భార్య చిన్నపెట్టె మూత కొంచెం ఎత్తి చూసింది. చట్రాల నిండా ఈగలు.

"మా తమ్ముడుండబట్టి బతికింది. ఇంకో పది రోజులుండరా," అంది.

పెట్టెలాయన ఖాళీ పాకం గిన్నె తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు.