మంచు శిబిరానికి ఆఖరి విమానం

సైనిక విమానం ఎక్కే ప్రతి వస్తువునూ ముందుగా తూచి, కొలిచి, కట్టుదిట్టంగా కట్టి, దానివల్ల విమానానికి గానీ దేశానికి గానీ హాని జరగదని రాతపూర్వకంగా ధ్రువీకరించాలి. మనుషుల విషయంలో ఇలాంటి నిబంధన ఏదీ లేదు. అందువల్లనే దేశం ఇంత సజావుగా నడుస్తోంది.

ఆ ధ్రువీకరణ చేసే మనిషిని సరుకుల షెడ్డులో అందరూ తూకం మాస్టారు అంటారు. ఇరవై రెండేళ్లుగా ఆయన పని అదే. జనరేటర్లలో డీజిల్ పూర్తిగా తీశారో లేదో మూత విప్పి వాసన చూస్తాడు. పెట్టెల మీద బిగించిన వలలో ఒక్క కొక్కెం వదులుగా ఉన్నా మొత్తం విప్పించి మళ్లీ కట్టిస్తాడు. బరువు ఎక్కడ సమంగా నిలుస్తుందో చూసి అక్కడ సుద్దముక్కతో గీత గీస్తాడు. ఇన్నేళ్లలో ఆ గీత ఒక్కసారీ తప్పలేదు, అందుకే పదోన్నతి కూడా రాలేదు. తప్పులు చేసేవాళ్లను షెడ్డు నుంచి వదిలించుకోవాలంటే పై పదవికి పంపడం తప్ప వేరే దారి లేదు. ఈయన విషయంలో ఆ అవసరం పడలేదు.

ఆ రోజు విమానం కొండల మీది మంచు శిబిరానికి వెళ్లాలి. శీతాకాలానికి అదే ఆఖరిది. ఆ తర్వాత నాలుగు నెలలు అక్కడి రన్‌వే మంచులో కూరుకుపోయి ఉంటుంది. హెలికాప్టర్ మాత్రం, అదీ లోపల తగినంత హోదా ఉంటే, ఎలాగోలా దిగుతుంది. షెడ్డులో పొయ్యిలు, మందుల పెట్టెలు, మూడు వందల ఇరవై జతల మంచు బూట్లు సిద్ధంగా ఉన్నాయి. శిబిరంలో ఉన్నదీ మూడు వందల ఇరవై మందే. వాళ్లలో ఒకడు మాస్టారి బావమరిది.

"ఏవండీ, తమ్ముడు ఫోన్ చేశాడు. బూట్ల అడుగులు ఊడిపోయాయట. కాలివేళ్లు నల్లబడుతున్నాయి, ఇలాగే ఉంటే తీసేయాల్సి వస్తుందని డాక్టరు చెప్పాడట" అని పొద్దున్నే భార్య కళ్లనీళ్లు పెట్టుకుంది.

"నేను తూచి కట్టిన సరుకు ఎప్పుడైనా చేరకుండా ఉందా? ఏడవకు" అని చెప్పి మాస్టారు డ్యూటీకి వచ్చాడు.

పది గంటలకు ఏర్పాట్ల అధికారి రెండు లారీలతో దిగాడు. శీతాకాలపు సరుకులన్నీ చేరాయో లేదో స్వయంగా తనిఖీ చేయడానికి సర్వసేనాధిపతిగారు ఎల్లుండి ఆ శిబిరానికి విచ్చేస్తున్నారు. అందుకోసం ఒక వేదిక, ఎర్ర తివాచీ, పదహారు కుర్చీలు, నలభై పూలకుండీలు ఇదే విమానంలో వెళ్లాలి. కుర్చీల్లో ఒకదాన్ని సింహాసనం అనకుండా ఉండాలంటే చాలా నిగ్రహం కావాలి. వీటన్నిటికీ తోడు నాలుగు వందల కిలోల రాతి ఫలకం. 'ఈ శిబిరానికి సరుకులు సంపూర్ణంగా చేరిన శుభసందర్భమున' అని దాని మీద అప్పటికే చెక్కేశారు.

మాస్టారు అన్నిటినీ సమదృష్టితో తూచి కాగితం పట్టుకొచ్చాడు. "సార్, రెండు టన్నులు ఎక్కువైంది. ఏదో ఒకటి దించాలి."

అధికారి చంటిపిల్లాణ్ణి చూసినట్టు చూశాడు. "మాస్టారూ, ఇంత అనుభవం ఉండి మీరేనా ఈ మాట అనేది? సరుకు లేకపోయినా తనిఖీ జరుగుతుంది. తనిఖీ జరక్కపోతే మాత్రం సరుకు చేరినా చేరినట్టు కాదు. పైగా అది తనిఖీ చేయాల్సిన సరుకు. ముందే కదిలించేస్తే ఆధారాలు తారుమారు చేసినట్టు కాదూ?"

ఈ వాదనకు షెడ్డంతా నోరు వెళ్లబెట్టింది. వెంటనే ఒక ఉన్నతస్థాయి సంఘం ఏర్పడి టీ తాగింది. మొదట తూకం యంత్రం మీద అనుమానం వ్యక్తమైంది. సంఘాధ్యక్షుడే దాని మీద ఎక్కి నిలబడ్డాడు. ఇంట్లో ఆయన చెప్పుకునే బరువుకన్నా పదకొండు కిలోలు ఎక్కువ చూపించడంతో యంత్రం చెడిపోయిందని ఏకగ్రీవంగా తేలింది. అయితే పైలట్ అడ్డం తిరిగాడు. "యంత్రం చెడిపోయిన సంగతి నా విమానానికి తెలీదు సార్" అన్నాడు. గత్యంతరం లేక సరుకు దించడం మొదలైంది. మందులు పంపితే సైనికుల ఆరోగ్యాన్ని శంకించినట్టవుతుందని ముందుగా వాటిని దించారు. పొయ్యిల పొగ ఫొటోల్లోకి వస్తుందని వాటినీ దించారు. బూట్లను దించడానికి కారణం వెతికే ఓపిక అప్పటికి ఎవరికీ లేదు.

మాస్టారు నిబంధనల పుస్తకం తిరగేసి తొంభై నాలుగో పేజీలో ఒక అండ దొరకబుచ్చుకున్నాడు. ధ్రువపత్రం లేని మట్టిని విమానంలో పంపకూడదు. నలభై కుండీలూ ఆగిపోయాయి. అధికారి మట్టిని షెడ్డు గుమ్మంలో పోయించి, కుండీల్లో ప్లాస్టిక్ పూలు పెట్టించాడు. అలా మిగిలిన ఏడు వందల ఇరవై కిలోల్లో బూట్లు పట్టేవే, కానీ ఈలోగా ఫొటోగ్రాఫర్ల దీపాలు వచ్చాయి.

"నేను సంతకం పెట్టను" అన్నాడు మాస్టారు.

ఆయన సంతకం లేకుండా విమానం కదలదు. పైలట్ కొండల మీది మేఘాల వంక చూసి గంట టైముందన్నాడు. మాస్టారు కలం జేబులోంచి తీయలేదు. ఆ క్షణాన ఆయన్ని చూసి కూలీలు కూడా గర్వపడ్డారు.

అధికారి ఆయన్ని రెక్క కిందికి తీసుకెళ్లి భుజం మీద చెయ్యి వేశాడు. "సేనాధిపతిగారు ఒక సైనికుడికి స్వహస్తాలతో బూట్లు అందిస్తారు. దానికి ఒక జత కావాలి. ఒక్కటే. అందుకునేవాడు ఎవరైనా ఫరవాలేదు. మీ బామ్మర్ది అక్కడే ఉన్నాడటగా?"

మాస్టారు నిబంధనల గురించి, ఇరవై రెండేళ్ల నిజాయితీ గురించి, మిగతావాళ్ల కాళ్ల గురించి అర నిమిషం పాటు ఆలోచించాడు.

"తొమ్మిదో నంబరు" అన్నాడు.

ఆ జతను తూచారు. రెండు కిలోల రెండు వందల గ్రాములు. దానికి విడిగా వల కట్టి, సుద్దతో గీత గీసి, మాస్టారు సంతకం పెట్టాడు. విమానం వేళకు లేచింది.

మూడో రోజు జరిగిన సభను టీవీలో దేశమంతా చూసింది. "మన వీరుల పాదాలే దేశానికి పునాదులు" అని సేనాధిపతిగారు గద్గదస్వరంతో అన్నారు. బావమరిది కొత్త బూట్లను గుండెలకు హత్తుకుని నిలబడ్డాడు. కెమెరా అతన్ని మోకాళ్ల దాకానే చూపించింది. మాస్టారి భార్య ఆనందంతో ఏడ్చింది, ఇరుగుపొరుగు చప్పట్లు కొట్టారు.

మర్నాడు హెలికాప్టర్‌లో వెనక్కి వచ్చిన సామాను తనిఖీ కోసం షెడ్డుకు చేరింది. అందులో ఒక జత బూట్లు ఉన్నాయి. తొమ్మిదో నంబరు. 'ప్రదర్శన నిమిత్తం. తదుపరి శిబిరంలో అందజేయవలెను' అని చీటీ అంటించి ఉంది. మాస్టారు దాన్ని తూచాడు. ఒక్క గ్రాము కూడా తగ్గలేదు. అప్పుడే భార్య ఫోన్ చేసి, "వాడికి సరిగ్గా పట్టాయటా?" అని అడిగింది. ఆయన పని ఉందని ఫోన్ పెట్టేశాడు. తర్వాత పత్రంలో లోపాలు అన్న గడిలో 'లేవు' అని రాసి, ఆ కుర్రాడి వేళ్లు తలుచుకుని మొహం చేతుల్లో దాచుకున్నాడు.

అయ్యో, ఆ ఒక్క జత కూడా దక్కలేదే అని పాఠకులకూ మనసు చివుక్కుమని ఉంటుంది. జాలి గుండెలు. గోడ వారన పేర్చి ఉన్న మూడు వందల పంతొమ్మిది జతల సంగతి మాత్రం ఆ రోజు మాస్టారూ ఎవరినీ అడగలేదు, ఇంతసేపూ మీరూ అడగలేదు.