యున్‌పింగ్ ఫ్రీయేనా?

ఇంగ్లీషు మాటకి అర్థాలు ఎంత ఎక్కువుంటే సంసారానికి అంత మంచిది! నవ్వకండి. చైనాలోని యివూ బజారులో గుండీల స్టాలు నడిపే యున్‌పింగ్ సంగతి విన్నాక మీరూ ఒప్పుకుంటారు. అదే వరసలో నాకూ ఓ స్టాలుంది కాబట్టి చెబుతున్నాను.

చైనావాళ్లకి పాపం, ఒక్కో సంగతికి ఒక్కో మాట ఉంది. డబ్బు పుచ్చుకోకుండా ఇస్తే ఒకటి, పని లేక తీరిగ్గా కూర్చుంటే ఒకటి, ఎవరి అదుపూ లేకుండా బతికితే మరొకటి. ఎంత దుబారా! ఇంగ్లీషువాడు అన్నిటికీ కలిపి ‘ఫ్రీ’ అని ఒక్క ముక్కతో సరిపెట్టేశాడు. పొదుపంటే అదీ!

యున్‌పింగ్‌కి మాత్రం అందులో ఒక్క అర్థమే తెలుసు. హోల్‌సేల్ బజారులో ఎవరికైనా ముందు వచ్చేది అదే కదా. శాంపిల్ ఫ్రీయా? ప్యాకింగ్ ఫ్రీయా? రేవుదాకా రవాణా ఫ్రీయా? పొద్దున షట్టరు ఎత్తింది మొదలు ఇదే పాట.

"ఈసారి ఫ్రీ అన్నవాణ్ణి గుండీలతో కలిపి సంచిలో కుట్టేస్తానక్కా" అనేది, పక్క స్టాల్లో జడపిన్నులమ్మే ఫాంగ్ అక్కతో.

అలాంటి మనిషి దగ్గరికి ఓ మధ్యాహ్నం ఉస్మాన్ వచ్చాడు. సుడాన్ వ్యాపారి. ఎన్నో ఏళ్లుగా ఆమె దగ్గరే సరుకు కొంటున్నాడు. బేరంలో కూడా గొంతు పెంచని పెద్దమనిషి. గుండీలు చూశాడు, టీ తాగాడు, లేస్తూ లేస్తూ చిరునవ్వుతో, "మేడమ్, సండే ఆర్ యూ ఫ్రీ?" అన్నాడు.

యున్‌పింగ్‌కి ఒళ్లు మండిపోయింది. గుండీలడిగాడు, డబ్బాలడిగాడు, ఇప్పుడు తననే ఊరికే ఇచ్చేస్తావా అంటున్నాడా? అదీ ఆదివారం పూట!

"నేను ఫ్రీయా? నేనా? నీకు సిగ్గులేదూ? మీ ఇంట్లో ఆడవాళ్లు లేరూ?" అంటూ దుమ్ము దులిపే ఈకల కర్ర అందుకుంది.

ఉస్మాన్‌కి తిట్టు అర్థం కాలేదు. కర్ర అర్థమైంది. దానికి ఏ భాషలోనైనా ఒకటే అర్థం! లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్ల మీద పరుగు తీశాడు.

ఫాంగ్ అక్క బజారువాళ్లు పెట్టిన ఇంగ్లీషు క్లాసుకి వెళ్తుంటుంది. జరిగింది విని, పిన్నుల అట్ట పట్టుకునే కింద కూలబడి నవ్వింది.

"ఓసి పిచ్చిదానా! ఆదివారం నీకు తీరికేనా అని అడిగాడే! వాళ్లావిడ వచ్చిందట, నిన్ను భోజనానికి పిలవాలని ఇందాక నాతో అన్నాడు."

"తీరికా? దానికీ అదే మాటా?"

"దానికీ అదే. చక్కెర వెయ్యని పాలకీ అదే. పొగతాగకూడని గదికీ అదే."

"అయ్యో! స్మోక్ ఫ్రీ గది అన్నారని, నా సిగరెట్లేవీ అంటూ మా ఆయన హోటలువాళ్లతో కొట్లాట పెట్టుకున్నాడే!"

చూశారా, ఒక్క మాట ఎంతమందికి కాలక్షేపం కలిగిస్తోందో!

ఆ సాయంత్రమే యున్‌పింగ్ ఫాంగ్ అక్కని తోడు తీసుకుని, బెల్లం పొట్లం పట్టుకుని ఉస్మాన్ ఇంటికి వెళ్లింది. అతను వంటింటి గుమ్మంలోంచి తొంగిచూసి ముందు ఆమె చేతులు పరీక్షించాడు. కర్ర లేదు. అప్పుడు బయటికొచ్చాడు. ఫాంగ్ అక్క తనకొచ్చిన ఇంగ్లీషులో కథంతా చెప్పింది. ఉస్మాన్ భార్య అమీనా కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, "ఈయన పరిగెత్తడం నేను చూడలేకపోయానే!" అని బాధపడింది. తర్వాత యున్‌పింగ్ చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది.

"సండే... యూ ఫ్రీ?"

యున్‌పింగ్ నోరు తెరిచింది. అంతలో తన వారమంతా గుర్తొచ్చింది. ఈసారి అర్థం తెలిసింది, అదే చిక్కు.

ఆదివారం స్టాలు. సోమవారమూ స్టాలే. సాయంత్రం అత్తగారి మందులు, మరిది పిల్లల చదువులు, వంట, గిన్నెలు. మొగుడు గ్వోలియాంగ్ మేడమీద పేకాటలో ఉంటాడు. స్టాల్లో మనిషిని పెట్టుకుందాం అంటే, "ఇంటి మనిషి ఊరికే చేస్తుంటే జీతం దండగ" అంటాడు. చివరిసారి తను తీరిగ్గా కూర్చున్నది ఎప్పుడు? బజారులో కరెంటు పోయిన రోజా? ఆ రోజూ కొవ్వొత్తి పెట్టుకుని గుండీలు ఏరినట్టు గుర్తు.

పాఠకులారా, ఇంగ్లీషువాడు ఇక్కడ మాత్రం ఘోరంగా పొరబడ్డాడు. ఫ్రీగా చేసే మనిషి ఎక్కడైనా ఫ్రీగా ఉంటుందా? రెంటికీ ఒకే మాట ఎలా పెట్టాడు?

"ఫ్రీ!" అంది యున్‌పింగ్, అవసరానికి మించి గట్టిగా.

ఆదివారం పొద్దున తాళంచెవులు గ్వోలియాంగ్ చేతిలో పెట్టింది.

"స్టాలెవరు చూస్తారే?"

"నువ్వు."

"నాకు మేడమీద పనుంది!"

"ఐ యామ్ ఫ్రీ" అని చెప్పి వెళ్లిపోయింది.

గ్వోలియాంగ్ కంగారుగా ఫాంగ్ అక్క దగ్గరికి పరిగెత్తాడు. "అక్కా, అదేదో ఫ్రీ అని వెళ్లింది. ఏ ఫ్రీ అక్కా?"

ఫాంగ్ అక్క పిన్నుల మీంచి తల ఎత్తలేదు. "ప్రస్తుతానికి తీరిక అనే అర్థమే తమ్ముడూ. ఇంటికొచ్చేసరికి సింకు నిండా గిన్నెలు కనబడితే మాత్రం, ఎవరి అదుపూ లేకపోవడం అని ఇంకో అర్థముంది. అది కూడా నేర్పమని అడిగింది."

ఆ రోజు స్టాలు పెందలాడే మూతపడింది. గ్వోలియాంగ్ ఇంటికెళ్లి చొక్కా చేతులు పైకి మడుచుకుని గిన్నెలన్నీ తోమాడు. జీతం లేకుండా చేసే పనికి ఇంగ్లీషులో ఏ మాటుందో ఆయనకి ఎవరూ క్లాసు పెట్టి నేర్పించక్కర్లేకపోయింది.