శవజాగారంలో వంకాయ తోట

లేమెరీ పట్టణంలో జీప్నీ అనే ప్రయాణికుల బండి నడుపుకునే టెబాన్ గారి శవజాగారం అత్యంత క్రమశిక్షణతో జరుగుతున్నదని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము. పేటిక చుట్టూ వేసిన ప్లాస్టిక్ కుర్చీలన్నీ నిండిపోయాయి. వచ్చిన వాళ్లందరూ తలలు వంచుకునే ఉన్నారు. దుఃఖంతో కాదు, ఫోన్లలో పండ్లు పేల్చే ఆట ఆడుతూ.

పూర్వం ఇలా ఉండేది కాదు. పోయిన మనిషిని ఒంటరిగా వదలకూడదని జనం పేటిక పక్కనే పేకాటకు కూర్చునేవారు. ముక్కలు పంచుకుంటూ పోయినాయన కబుర్లు చెప్పుకునేవారు, నవ్వేవారు, మధ్యలో కలబడేవారు. ఆ అనాగరికతంతా ఇప్పుడు పోయింది.

"ఎంత ప్రశాంతంగా ఉందో గమనించండి" అంటూ వార్డు పెద్ద దొమినాదోర్ గారు ఉపన్యసించారు, బొటనవేలితో ద్రాక్షలు జరుపుతూనే. "మా నాన్నగారి జాగారంలో రెండు కుర్చీలు విరిగాయి. పోయినాయన అదృష్టవంతుడు."

టెబాన్ భార్య విర్హీకి మాత్రం ఈ నాగరికత ఒంటబట్టలేదు. తన మనిషి గురించి ఎవరైనా ఒక్క మాట చెబితే వినాలని పాపం ఆమె ఆశ. అల్లం నీళ్లు అందిస్తూ ఒక్కొక్కరి ముందూ ఆగింది. పక్కింటి నెనీతా దగ్గర మరి కాసేపు నిలబడింది. నొప్పులు పడుతున్న నెనీతాను వరద నీళ్లలో ఆస్పత్రికి తీసుకెళ్తుంటే, టెబాన్ జీప్నీలోనే ఆమెకు కూతురు పుట్టింది మరి.

"నీ కూతురు ఎలా ఉందే?"

"బాగుందక్కా. కాస్త పక్కకు జరుగు, గాలి రావట్లేదు."

విర్హీ వెళ్లి పేటిక పక్కన కూలబడింది. అంతలో టెబాన్ ఫోను మోగింది. బేరాల్లేనప్పుడు ఆయన ఆడుకునే కూరగాయల తోట ఆట పంపిన కబురు అది: "టెబాన్, ఎక్కడున్నావ్? నువ్వు లేక తోట ఎండిపోతోంది."

ఇంతమందిలో ఆయన్ని పేరుపెట్టి తలుచుకున్నది అదొక్కటే. విర్హీ భోరుమంది. ఏడుస్తూనే, ఆయన కష్టం మట్టిపాలు కాకూడదని, వంకాయ మొక్కలకు నీళ్లు పెట్టింది. తర్వాత కలుపు తీసింది.

సాయంత్రానికి నెనీతా ఫోనులో ఛార్జింగ్ అయిపోయింది. అప్పుడు తలెత్తి పేటిక కేసి చూసింది. ఆమెకు నిజంగానే దుఃఖం ముంచుకొచ్చింది. వచ్చి విర్హీ పక్కన కూర్చుంది.

"అక్కా, ఆ వరద రోజు బావ ఏం చేశాడో నీకెప్పుడూ చెప్పలేదు కదూ? ఒంటిమీది చొక్కా విప్పి..."

విర్హీ తలెత్తలేదు.

"ఉండవే తల్లీ. ముందు ఈ వంకాయలు కోసుకోనీ, కుళ్లిపోతాయి."