ఎర్రగీత కొట్టేసిన వాక్యం

ఆ ఉదయం కామాగారి పథకం చిన్నది. దంతాల డాక్టరమ్మ అచ్చుకిచ్చిన చిగుళ్ల జబ్బు కరపత్రం భోజనం వేళకు చదివి ముగించాలి, అంతే. ప్రెస్సులో ఆయన అసలు ప్రతిని కామాలతో సహా పైకి చదువుతారు, ఎదురుగా కూర్చున్న అమ్మాయి ప్రూఫులో తప్పులు ఎర్రసిరాతో దిద్దుతుంది. ఆయనకా పేరు అలా వచ్చింది. ఇంట్లో ఆయనతో మాట్లాడే మనిషి లేదు. రోజు మొత్తం మీద ఆయన గొంతు ఇంకొకరు వినేది ఆ బల్ల దగ్గరే.

"చిగుళ్ల నుంచి రక్తం కారితే, కామా, నోరు వాసన వస్తే, కామా..." అని ఆగిపోయారు. నాలుక్కి రక్తం ఉప్పగా తగిలింది. ఆ రెండూ ఆయనకు నెల నుంచీ ఉన్నాయి! చప్పున రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, మొహం గోడవైపు తిప్పి గొణగడం మొదలుపెట్టారు.

"నా తప్పులు చూసి విసుగొచ్చిందా బాబాయ్‌గారూ?"

ఆయన రుమాలు తీయకుండా తల అడ్డంగా ఊపారు. అమ్మాయి అది కోపమే అనుకుని ఫోర్‌మన్ దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది. అతను తెగ ఆలోచించి ఆమె కుర్చీ కిటికీ దగ్గరకు మార్పించాడు. వాసన భరించలేక పారిపోయిందనుకుని కామాగారు సిగ్గుతో చచ్చిపోయారు. మర్నాడు గట్టి బ్రష్షుతో, బూట్లు తోమినట్టు, పావుగంట పళ్లు తోమారు.

ఇంకేముంది! ఒంటరిగా చివరి ప్రూఫు చూస్తుంటే నోట్లోంచి కాగితం మీద టప్పున ఎర్రటి చుక్క పడింది. గాభరాగా వేలితో తుడిస్తే అది వాక్యం పొడుగునా సాగింది. ఇంకో ప్రూఫు అడిగితే ఎందుకంటారు. గుట్టుగా పంపించేశారు. ప్రెస్సులో ఎర్రగీత అంటే కొట్టివేత. టైపు చేసేవాడు ఆ వాక్యం ఎగరగొట్టాడు.

కరపత్రాలు అందగానే డాక్టరమ్మ ఊడిపడింది. "రక్తం కారినా తోమడం మానకండి, మెత్తని బ్రష్షు వాడండి, వెంటనే డాక్టరుకు చూపించండి అన్న వాక్యమేదీ? నేను చెప్పాలనుకున్నదే అది కదా!"

ఫోర్‌మన్ ప్రూఫు తెచ్చాడు. "కొట్టేసింది ఈయనేనండీ. ఎవరిమీద కక్షో!"

ఆమె కాగితం వెలుతురుకు పట్టి చూసింది. "ఇది సిరా కాదయ్యా." కామాగారి వైపు తిరిగింది. "ఏదీ, నోరు తెరవండి."

ప్రెస్సు ప్రెస్సంతా చూస్తుండగా తెరిచారు.

"పాచి గట్టిపడి గారకట్టింది. చిగుళ్ల కిందికి దిగి వాపు తెస్తోంది. వదిలేస్తే లోపల ఎముక అరిగి పళ్లు కదులుతాయి. మత్తిచ్చి అడుగుదాకా శుభ్రం చేస్తాను, వాసనా పోతుంది."

రెండు విడతల్లో చేసింది. కొన్ని వారాలకు రక్తం ఆగింది. కామాగారు హుషారుగా కుర్చీ ఈడ్చుకుంటూ కిటికీ దగ్గరకు వెళ్లారు.

"చదవనా అమ్మా?"

"వద్దులెండి బాబాయ్‌గారూ. ఒక్కదాన్నే చూసుకోవడం అలవాటైపోయింది. పనీ తొందరగా తెములుతోంది."

ఫోర్‌మన్ మురిసిపోయి, ఇకమీదట ఎవరూ పైకి చదవక్కర్లేదన్నాడు. కామాగారికి ఏడుపొచ్చినంత పనైంది. నోరు బాగైంది గానీ వినేవాళ్లు లేకుండా పోయారు.

డాక్టరమ్మ మళ్లీ మూడు నెలల తరవాత చూపించుకోవడానికి రమ్మంది. ఆయన మర్నాడే వెళ్లి, తన తరవాత వచ్చినవాళ్లందరితో మాట కలిపి, వాళ్లనే ముందు లోపలికి పంపిస్తూ కూర్చున్నారు.